రెప్ప లేని మాట

ఆ గదికి కంపెనీ పెట్టిన పేరు దృశ్య పరీక్షా విభాగం. ఆ పేరు తలుపు మీది బోర్డుకే పరిమితం. లోపల పనిచేసే ఆడవాళ్ళు దాన్ని చూపుల గది అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని నవ్వితే, గదికి పెద్ద అయిన ఆవిడ, "ఇవి పెళ్ళిచూపులు కావమ్మా. ఇక్కడ నచ్చనిదాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టొచ్చు," అనేది.

ఇంజెక్షన్ మందు నింపి, మూత బిగించిన చిన్న గాజు సీసాలు ట్రేలలో వస్తాయి. ఒక్కొక్కదాన్ని మెడ దగ్గర పట్టుకుని దీపం కిందికి ఎత్తి, మెల్లగా ఒక సుడి తిప్పి, ఠక్కున ఆపాలి. వెనక సగం నల్ల పలక, సగం తెల్ల పలక. తెల్లటి మలినం నలుపు మీద, నల్లటిది తెలుపు మీద బయటపడుతుంది. గాజు మీద గీత ఉంటే అది సీసాతోపాటే ఆగిపోతుంది. మందులో ఏదైనా ఉంటే సీసా ఆగాక కూడా తిరుగుతుంది. అది గాజు రజను కావచ్చు, రబ్బరు తునక కావచ్చు. అన్నిటికన్నా గడుసుది, బట్ట నుంచి ఊడిన సన్నని పోగు కావచ్చు. "ఆగింది గాజుది, ఆగంది మందులోది" అనేది ఆవిడ అందరికీ మొదటి రోజే నేర్పే పాఠం. ఆ పాఠం మరిచిపోయినవాళ్ళకు రెండో పాఠం నిప్పులాంటి మాటలతో చెప్పేది. అందువల్లే ఆవిడకు డ్రాగన్ అని పేరొచ్చింది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా పెద్దరికంలో భాగమేనని ఆవిడ నమ్మకం.

ఆ తర్వాత ఆవిడకు కుడి చెవి లోపల గడ్డ లేచింది. ప్రాణం తీసే రకం కాదు గాని, చోటు చూసుకుని మరీ కూర్చుంది. శస్త్రచికిత్సలో గడ్డ పోయింది. దానితోపాటు ముఖాన్ని కదిలించే నరం పోయింది, పక్కనున్న స్పర్శ నరం కూడా దెబ్బతింది. సెలవు ముగిసి ఆవిడ తిరిగి పనికి వచ్చేసరికి ముఖంలో ఎడమ సగం మనిషిది, కుడి సగం బొమ్మది అన్నట్టు ఉంది. కుడి రెప్ప పావు వంతు దిగి ఆగిపోయేది. పడుకునేటప్పుడు దాన్ని వేళ్ళతో కిందికి లాగి పట్టీ అంటించుకునేది. పగలు గంటగంటకూ చుక్కలు వేసుకునేది. మిగిలిన వేళంతా ఆ కన్ను తెరుచుకునే ఉండేది.

గదిలో ఆడవాళ్ళు ఆవిడ కుడివైపు కూర్చోవడం మానుకున్నారు. ఒక ట్రే జారిపడి సీసాలు పగిలితే, అది ఆ కంటి ఎదురుగా ఉన్న ట్రేయేనని ఎవరో గుర్తు చేసుకున్నారు. గుర్తు చేసుకోవడం అంటే సగం కల్పించుకోవడమే గనక, వారం తిరిగేసరికి అది అందరూ చూసిన సంగతి అయిపోయింది. ఒకరోజు ఆవిడ బట్టలు మార్చుకునే గదిలో తెర వెనక ఉండగా, నోరు మూతపడని కారణంగా పిచ్చిక అని పేరు తెచ్చుకున్న అమ్మాయి అవతలివాళ్ళతో అంటోంది:

"ఇదివరకు డ్రాగన్ నోట్లోంచి నిప్పులు కక్కేది. ఇప్పుడు కంట్లోంచి కక్కుతోందే. నా మీద ఆ చూపు పడిన పూట నాకు అన్నం సయించడం లేదు."

"నీకా? అన్నం సయించకపోవడమా? అయితే నిజంగా దిష్టే."

అందరూ నవ్వారు. ఆవిడ తెర కదలకుండా అక్కడే నిలబడి, వాళ్ళు వెళ్ళాక బయటికి వచ్చింది.

ఆ సాయంత్రం భర్త వరండాలో తన బల్ల దగ్గర ఉన్నాడు. ఆయన నిఘంటు కార్యాలయంలో పనిచేసి విరమించినవాడు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలిచ్చే పెద్ద నిఘంటువులో కొన్ని అక్షరాల పని ఇంకా ఇంటికి వస్తుండేది. గ్రహాలనూ శకునాలనూ ఆయన నమ్మడు. నమ్మేవాళ్ళతో వాదించే అలవాటును మాత్రం వయసు వచ్చాక, ఉప్పు తగ్గించుకున్నట్టే తగ్గించుకున్నాడు.

"డ్రాగన్ అంటే ఏమిటండీ?" అంది ఆవిడ, చెప్పులు విప్పకుండానే.

"ఎందుకు?"

"అడిగినదానికి అర్థం చెప్పండి. ఇన్నేళ్ళూ దానికేగా జీతం తీసుకుంది."

ఆయన కళ్ళజోడు తీసి ఆవిడ వైపు చూశాడు. ఎడమ కన్ను ఎర్రగా ఉంది. కుడి కన్నుకు ఏడవడం ఎప్పుడో పోయింది. ఎవరో ఏదో అన్నారని గ్రహించాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు. అర్థం చెప్పడం వచ్చు. అందుకని అర్థమే చెప్పాడు.

"నోట్లో నిప్పూ వీపు మీద రెక్కలూ తర్వాతివాళ్ళు తగిలించినవి. మొదట్లో అది ఒట్టి పెద్ద పాము. అంతకుముందు పాము కూడా కాదు, ఒక క్రియ. గ్రీకులో చూడటం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. ఊరికే చూడటం కాదు, తేరిపార చూడటం. డ్రాగన్ అంటే చూసేది."

"చూసేదా?"

"అంతేకాదు. ఆ ధాతువూ మన సంస్కృతంలోని దృశ్ ధాతువూ ఒక తల్లి పిల్లలు. దృష్టి, దృశ్యం, దర్శనం అన్నీ ఆ ఇంటివే. మీ తలుపు మీద బోర్డు రాసినవాడికి తెలియదు గాని, వాడు రాసింది నీ పేరే."

"మరి దిష్టి?"

"దృష్టి నలుగురి నోళ్ళలో అరిగి దిష్టి అయింది. అదీ దగ్గరి చుట్టమే."

ఆవిడ ముఖంలో సగం నవ్వింది. "అంటే ఆ పిల్లలు నన్ను ఎన్ని తిట్లు తిట్టినా, ఊరంతా తిరిగి మళ్ళీ మన గుమ్మంలోకే వస్తున్నారన్నమాట."

ఆయన చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. ఆ మాట కోసం ఆయన చదివినదానిలో రెండో సగం అది. పాముకు రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు మాత్రమే ఉంటుంది. కళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంటాయి గనక అది ఎప్పుడూ చూస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి చాలా పాముల చూపు అంతంత మాత్రమే. అంటే ఆ పేరు బహుశా ఒక పొరపాటు మీద నిలిచింది: మూయకపోవడాన్ని చూడటంగా పొరబడటం. మాటల పుట్టుకను చెప్పే వ్యుత్పత్తిశాస్త్రానికి గ్రీకులో పెట్టిన పేరులోనే 'నిజం' అనే మాట ఉంది. అది ఆ శాస్త్రం ఆడిన మొదటి అబద్ధమని ఆయన తన శిష్యులతో అంటుండేవాడు. మాట ఎక్కడ పుట్టిందన్నది ఒక సంగతి, ఇవాళ దాని అర్థమేమిటన్నది ఇంకో సంగతి. ఇవన్నీ నాలుక చివర ఉన్నాయి. కాని ఆ సగం నవ్వును ఆయన చాలా రోజుల తర్వాత చూశాడు. కాగితం మీద అయితే ఆ వాక్యాన్ని వదిలేసేవాడు కాదు.

మర్నాడు ఆవిడ గదిలోకి వెళ్ళి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "పిచ్చికా, డ్రాగన్ అంటే అర్థం తెలుసా?" అంది. పిచ్చిక చేతిలోని సీసా దాదాపు జారింది. ఆవిడ అందరికీ గ్రీకు చెప్పింది, సంస్కృతం చెప్పింది. "నేను చూసేదాన్ని. మీరు పెట్టిన పేరు తప్పు కాదు. మీకు తెలియకుండానే ఒప్పు పెట్టారు," అంది.

భయం తీరడానికి ఒక కారణం చాలు. అది సరైనదే కావాలని లేదు. ఆ రోజు నుంచి పేరు చాటు నుంచి ముందుకొచ్చింది. మేనేజరు కూడా పై అధికారులు వచ్చినప్పుడు, "మా డ్రాగన్ కన్ను మూయదు సార్," అని పరిచయం చేసేవాడు. ఆవిడ ఆ మాటకు ఒళ్ళు నిటారు చేసుకునేది. కుడివైపు కుర్చీలు మళ్ళీ నిండాయి.

కంటి డాక్టరమ్మ మాత్రం ఆ పేరు వినలేదు. దూదిని పురిపెట్టి, దాని కొసను కుడికంటి నల్లగుడ్డు మీద ఆనించింది. రోగి కదల్లేదు. ఎడమ కంటి మీద ఆనించబోతే తల వెనక్కి లాక్కుంది.

"నొప్పి ఏమైనా ఉందా అమ్మా?"

"అసలు లేదండీ. మంట కూడా లేదు."

"నా భయం అదే. నొప్పి అంటే ఇంటికి కాపలావాడు. మీ కంటికి తలుపూ లేదు, కాపలావాడూ లేడు. పైపొర ఎండిపోతోంది. పుండు పడినా మీకు తెలియదు." డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది. "రెప్పలు రెండూ బయటివైపు సగం దాకా కలిపి కుట్టేద్దాం. సన్నగా కనిపిస్తుంది, కన్ను తడిగా ఉంటుంది. కొన్నాళ్ళకు విప్పుకోవచ్చు. ఇప్పుడు కుట్టకపోతే తర్వాత విప్పడానికి లోపల ఏమీ ఉండదు."

"కుట్టించుకుంటే సీసాలు చూడొచ్చా?" అంది ఆవిడ.

"కొన్నాళ్ళు కుదరదు."

"అయితే కొన్నాళ్ళాగి వస్తాను."

ఎందుకు ఆగాలో భర్తకు తెలుసు. చూపుల గది పక్కన ఒక యంత్రం దిగింది. ఇంకా పాలిథిన్ కప్పు కూడా తీయలేదు. కెమెరాలతో సీసాలను చూసి మంచీ చెడ్డా వేరుచేసే యంత్రం. నెలాఖరున ఒక పోటీ పెడతామన్నారు: దోషం ఉన్నవని ముందే తెలిసిన సీసాలను మంచివాటిలో కలిపి, అవే ట్రేలు ఒకసారి యంత్రానికీ ఒకసారి ఆవిడకూ ఇస్తారు. ఆవిడ నెగ్గితే గది గదిలాగే ఉంటుంది, యంత్రం సాయానికి ఉంటుంది. ఓడితే గదిలోని ఆడవాళ్ళు పెట్టెలు కట్టే విభాగానికి పోతారు.

ఇంటికి వచ్చాక ఆయన అన్నాడు. "గది పోతే ఇంకో గది. కన్ను పోతే ఇంకో కన్ను లేదు."

"ఉందిగా, ఎడమది."

"హాస్యం కాదు."

"నేనూ హాస్యానికి అనలేదు. చూసేదాని కన్ను కుట్టేస్తే ఇంకేం మిగులుతుందండీ? నా పేరుకు అర్థం మీరేగా చెప్పారు."

"అది మాట పుట్టుక. మాటకు అర్థం కాదు. నీకు అసలే కాదు."

"బాగుంది. వడ్డించాక విస్తరి లాక్కోవడం మీకే చెల్లింది."

మిగిలిన సగం ఆయన అప్పుడైనా చెప్పవలసింది. ఆవిడ అప్పటికే గదిలోకి వెళ్ళి పట్టీ వెతుక్కుంటోంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ రోజూ చిరాకుగా ఇల్లు చేరింది. "సరుకంతా చెత్త. ఏ ట్రే చూసినా పోగులే. నింపేవాళ్ళు కోట్లు ఉతుకుతున్నారో, దులుపుతున్నారో!" అనేది. నింపే విభాగంలో కోట్లు మార్చారు, గాలి గొట్టాలు విప్పి తుడిచారు. పోగులు తగ్గలేదు. మేనేజరు నింపేవాళ్ళను నిలబెట్టి చివాట్లు పెట్టాడు. ఒకడి మీద చర్య తీసుకుంటామని కూడా అన్నాడట. ఆవిడ అది సంతృప్తిగా చెప్పింది.

ఒక సెలవు రోజు ఉదయం, ఆవిడ బజారుకు వెళ్ళిన వేళ చూసుకుని పిచ్చిక ఇంటికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, ఒక మాట. నేను చెప్పానని అనకూడదు."

"చెప్పు."

"మేడమ్ పక్కన పెట్టిన సీసాలు నేను మళ్ళీ చూశాను. రెండు పలకల మీదా చూశాను. నాకేమీ కనబడటం లేదు. ముందు నా కళ్ళే పోయాయేమో అనుకున్నాను. ఇంకో ఇద్దరికి చూపించాను. వాళ్ళకీ లేదు."

"మరి ఆవిడతో చెప్పారా?"

పిచ్చిక ఆయన్ని జాలిగా చూసింది. "డ్రాగన్‌తోనా సార్? చూసేది ఆవిడ. మాకు కనబడలేదని ఏ నోటితో చెప్పమంటారు?"

ఆమె వెళ్ళాక ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. గాజు గ్లాసు ఒకటి కడిగి, కాచి వడగట్టిన నీళ్ళు పోసి, దీపం ఎదురుగా ఎత్తి చూశాడు. ఏమీ లేదు. నల్ల అట్ట ఉన్న పుస్తకం వెనక పెట్టి చూశాడు. ఏమీ లేదు. దాన్ని బల్ల మీద పెట్టి, ఆవిడ వచ్చాక, మంచినీళ్ళు ఇస్తున్నట్టే చేతికి ఇచ్చాడు.

ఆవిడ అలవాటు కొద్దీ గ్లాసును వెలుగులోకి ఎత్తింది. ఒక సుడి తిప్పి ఆపింది. "పోగుంది," అంది.

"ఎక్కడ?"

"అదుగో, తిరుగుతోంది. ఆగలేదు చూడండి."

ఆయన తన అరచేతిని మెల్లగా ఆవిడ కుడికంటికి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు?"

ఆవిడ ఎడమ కంటితో చూసింది. గ్లాసును మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఆపింది. నీళ్ళు తమలో తాము కాసేపు తిరిగి ఆగిపోయాయి. ఆయన చెయ్యి తీశాడు. ఆవిడ చూపు నీళ్ళలో దేన్నో వెంబడించడం ఆయనకు కనిపించింది. కంటి మీద ఎండిన పొర లేచి, జిగురు పోగులు కడుతోంది. సీసా ఆగాక కూడా అవి కదులుతాయి. కదిలేది మందులోదేనని ఆవిడ నేర్చుకున్న పాఠం. ఆ పాఠంలో చూసేవాళ్ళ కంటికి చోటు లేదు.

గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు?"

"ఈ పూటే."

"ఆ పిచ్చిక వచ్చిందా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆవిడకు జవాబు అక్కర్లేకపోయింది.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం," అన్నాడు. ఆ వెంటనే, ఎప్పుడో చెప్పి ఉండవలసిన రెండో సగం చెప్పాడు: రెప్పలు లేకపోవడం, పొలుసు, పొరపాటు. "మూయకపోవడం వేరు, చూడటం వేరు. ఆ పేరు పెట్టినవాళ్ళకు ఆ తేడా తెలియలేదు. నాకు తెలుసు. తెలిసీ నీకు సగమే చెప్పాను."

ఆవిడ గ్లాసును బల్ల అవతలి అంచుకు జరిపింది.

"ఇది మొదటి రోజే చెప్పుంటే ఆ రాత్రి ఏడ్చి, పడుకుని, పొద్దున్నే లేచి కుట్టించుకునేదాన్ని," అంది. "ఇప్పుడు ఆ గదిలో అందరూ నన్ను నమ్ముకుని కూర్చున్నారు. పోటీ అయ్యాక కుట్టించుకుంటాను. అప్పటిదాకా మీరు నోరు విప్పొద్దు. నాకు పోగు కనబడితే అది నాదో సీసాదో నేను తేల్చుకుంటాను."

"పోనీ, ఆ కంటికి గంత కట్టుకుని చూడు."

"ఒంటి కంటితో లోతు తెలీదండీ. సీసా గోడ మీదుందో లోపలుందో రెండు కళ్ళకే తెలుస్తుంది. పైగా గంత కట్టుకుని వెళ్తే, పోటీ పెట్టకుండానే ఓడిపోయినట్టు."

ఆయన జీవితమంతా ఎదుటివాళ్ళను రుజువు అడిగినవాడు. రుజువు చేతిలో పడ్డాక ఏం చేయాలన్నది మాత్రం ఆయన ఎన్నడూ చదవలేదు. మేనేజరుకు చెప్పవచ్చు. చెబితే కన్ను నిలుస్తుందేమో. ఆవిడ ఆయనతో మళ్ళీ మాట్లాడదు. పోటీకి ఇక ఎక్కువ రోజులు లేవని తనకు తాను చెప్పుకున్నాడు. చుక్కలు ఎక్కువసార్లు వేద్దామన్నాడు. ఆ అనడంలో ఉన్నది లెక్క కాదు, మొక్కు అని ఆయనకు తెలుసు. మొక్కులను నమ్మనివాడు మొక్కుకున్నప్పుడు అడగడానికి దేవుడు కూడా ఉండడు.

పోటీ రోజున యంత్రం మీది పాలిథిన్ తీశారు. దాన్ని బిగించిన ఇంజినీరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యంత్రం తన వంతు ముగించి చప్పుడు లేకుండా ఆగింది. తర్వాత ఆవిడ బల్ల ముందు కూర్చుని మొదటి సీసా ఎత్తింది.

చూస్తున్నవాళ్ళందరూ తర్వాత ఒకే మాట చెప్పారు: చేతులు అంత నిలకడగా ఎన్నడూ లేవు. సుడి, ఆపు, నలుపు, తెలుపు. కొన్ని సీసాల దగ్గర తలను కొంచెం కుడికి తిప్పి, ఎడమ కంటితో మళ్ళీ చూసేది. పోగు తనదో మందుదో తేల్చుకోవడం అదేనని అక్కడెవరికీ తెలియదు. సగం దారిలో పిచ్చిక కొత్త ట్రే తెచ్చి కుడివైపు పెడుతూ ముఖంలోకి చూసింది. నల్లగుడ్డు నడిమధ్య ఆవగింజంత తెల్లటి చుక్క ఉంది. దాని నుంచి చెంప మీదికి ఏదో కారుతోంది. ఆ చెంపకు కూడా స్పర్శ లేదు గనక ఆవిడ తుడుచుకోలేదు.

"అక్కా, కన్ను..." అంది పిచ్చిక. ఆవిడను అక్కా అని పిలవడం ఆమెకు అదే మొదటిసారి.

"తర్వాత."

"అక్కా, ఏదో కారుతోంది."

"దీపానికి అడ్డం తప్పుకోవే."

ఆఖరి సీసా దాకా చూసి, ట్రేను ముందుకు జరిపి, అప్పుడు లేచింది. లేచి బల్ల అంచు పట్టుకుంది.

ఫలితం అందరి ముందూ చదివారు. దోషం ఉన్నదాన్ని ఆవిడ ఒక్కటీ వదల్లేదు. యంత్రం వదిలేసిన రెండింటిని కూడా పట్టుకుంది. కాని వాటితోపాటు ఏ దోషమూ లేనివాటిని యంత్రం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పక్కన పెట్టింది. "చెడ్డదాన్ని వదల్లేదు, నిజమే. మంచిదాన్నీ బతకనివ్వలేదు," అన్నాడు మేనేజరు, మర్యాదగానే. ఆ మాటలు వినడానికి ఆవిడ అక్కడ లేదు. పిచ్చికా ఇంకొకామె చెరొక చెయ్యీ పట్టుకుని అప్పటికే గేటు దాటించారు.

డాక్టరమ్మ దీపం వేసి ఒకసారి చూసి, దీపం ఆర్పేసింది. పైపొర చిల్లుపడింది; చీము లోపలికి దిగింది. ఆ సాయంత్రమే కంట్లోదంతా తీసేసి, రెప్పలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కుట్టేశారు. మత్తు దిగుతుండగా ఆవిడ అడిగింది ఒక్కటే: "సగం కుట్టారా, మొత్తమా?" భర్త మొత్తమని చెప్పాడు. ఆవిడ తల ఊపింది. రెప్పలు చివరికి కలిశాయి, కప్పడానికి ఏమీ మిగలని కంటి మీద.

కొన్నాళ్ళకు పిచ్చిక చూడటానికి వచ్చింది. గది ఎత్తేశారు, ఇద్దరిని యంత్రం దగ్గర ఉంచి మిగిలినవాళ్ళను పెట్టెలు కట్టడానికి పంపారు. ఉంచిన ఇద్దరిలో తనొకతె. ఇన్నాళ్ళ తర్వాత కూడా ఆమె నోటికి మూత పడలేదు. పండ్లు బల్ల మీద పెడుతూ, "ఇవాళ తొందరగా వదిలారక్కా. డ్రాగన్ మళ్ళీ ఆగిపోయింది, ఇంజినీరు వచ్చి..." అని, నాలుక కరుచుకుంది.

వరండాలో భర్త కలం ఆగింది.

"దానికి పెట్టారా ఆ పేరు?" అంది ఆవిడ.

"ఎవరు పెట్టారో తెలీదక్కా. ఊరికే నోళ్ళలో పడిపోయింది. అది కూడా కన్ను ఆర్పదు కదా..."

"తప్పేం లేదు. చూసేది అదేగా ఇప్పుడు. ఏమైంది దానికి?"

"కెమెరా అద్దానికి ఏదో మసక పట్టిందట. ప్రతి సీసానూ పక్కకు తోసేస్తోంది."

"తుడవమను," అంది ఆవిడ. "దానికి నొప్పి తెలీదు. మీరే చూసుకోవాలి."

పిచ్చిక తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఆవిడ కుడివైపున కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆవిడ వరండాలోకి వచ్చి భర్త ఎదురు కుర్చీలో కూర్చుంది. "ఆ డ్రాగన్ మాట పూర్తి చేశారా? చదవండి."

ఆయన కాగితం వెతికి చదివాడు. పెద్ద పాము, నిప్పు కక్కే రెక్కల జంతువు, నిధికి కాపలా కాసేది, గయ్యాళి స్త్రీ, వ్యంగ్యంగా. తర్వాత పుట్టుక: చూడటం అనే ధాతువు నుంచి. పాముకు రెప్పలుండవు కనుక, చూడనప్పుడు కూడా చూస్తున్నట్టు కనిపిస్తుంది. పేరు బహుశా అందువల్ల.

"బహుశా ఎందుకు?"

"పేరు పెట్టినప్పుడు మనం చూడలేదు కదా."

"దీని తర్వాత మాటేమిటి?"

"తూనీగ. ఇంగ్లీషులో దాని పేరూ డ్రాగన్‌తోనే మొదలవుతుంది."

"దానికి రెప్పలుంటాయా?"

"ఉండవు."

"పోనీలెండి. చిన్నది. ఎక్కువ కాలం బతకదు."

ఆయన తన గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ అంతకన్నా ముందే దాన్ని తీసుకుని, అస్తమించే వెలుగుకు ఎదురుగా ఎత్తి, సుడి తిప్పి ఆపింది. ఎడమ కన్ను నీళ్ళలోకి చూసింది.

"పోగుంది."

ఆ మాట ఇక ఎన్నడూ వినననుకున్నాడు ఆయన. కుట్టిన రెప్పల వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించి, చూశాడు. ఆ చూపును ఆవిడ పట్టేసింది.

"మీరే చూడండి," అంది.

ఆయన గ్లాసు తీసుకున్నాడు. వెలుగులో ఏమీ కనబడలేదు. నల్ల అట్ట పుస్తకాన్ని వెనక పెట్టి, ఆవిడ చేసినట్టే తిప్పి, ఆపాడు. గ్లాసు ఆగింది. నీళ్ళు ఆగుతున్నాయి. వాటి మధ్య వెంట్రుకలో సగం మందం కూడా లేని తెల్లటి పోగు, తొందరేమీ లేనట్టు తిరుగుతోంది.

"ఉంది," అన్నాడు.

ఆయన లోపలికి వెళ్ళి ఆ నీళ్ళు పారబోసి, గ్లాసు రెండుసార్లు కడిగి, మళ్ళీ నింపి తెచ్చాడు. ఆవిడ అది అందుకుని, తాగకుండా, మళ్ళీ వెలుగులోకి ఎత్తింది.